పరుగు కన్నా ముందు కాస్త నిద్ర

సంపాదకుడు గారికి,

అయ్యా,

యూనిఫాం ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలంటే మా కోనసీమ కుర్రాళ్లు రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి మైదానం గేటు ముందుంటారు. కాగితాలు, ఎత్తు, ఛాతీ కొలతలు అయ్యేసరికి ఎండెక్కుతుంది. అప్పుడు 1600 మీటర్ల పరుగు. మంచినీళ్లు, షామియానా ఉంటున్నాయి, సంతోషం. నిద్ర సంగతే ఎవరికీ పట్టదు.

నేను డ్రిల్లు మాస్టారుగా రిటైరై, పొద్దున్నే కాలువ గట్టు మీద పిల్లల్ని పరిగెత్తిస్తుంటాను. అందులో ఒకడికి రొయ్యల చెరువు కాపలా. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. కరెంటు పోయిందా, జనరేటర్ వేసి ఏరియేటర్లు తిప్పాల్సిందే. మొన్న మే నెలలో రెండు రాత్రులు అలా జాగారం చేసి పరుగుకొచ్చాడు. మిగతావాళ్ల బనియన్లు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. వీడి వీపు మీద అరచేయంత తడి, అంతే. పట్టుకుంటే ఒళ్లు పెనంలా కాలిపోతోంది. “ఆగుతావేంట్రా?” అంటే “బానే ఉందండి మాస్టారూ” అన్నాడు, తూలుతూనే. చెట్టు కింద కూర్చోబెట్టి తల మీద నీళ్లు పోశాం.

వయసులో ఉన్నవాడికి నిద్ర ఒక లెక్కా అనుకునేవాణ్ని, నాదీ తప్పే. పరిగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు ముప్పాతిక వంతు వేడిగా మారుతుంది. దాన్ని నెత్తురు చర్మం దాకా మోసుకొస్తే, చెమట ఆరుతూ బయటికి పంపుతుంది. లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. నిద్ర చాలకపోతే ఈ రెండు పనులూ మందగిస్తాయి. 1984లో అమెరికాలో 33 గంటలు మేలుకున్నవాళ్ల చేత సైకిల్ తొక్కించి చూస్తే, ఒంట్లో వేడికి తగ్గ చెమట పట్టలేదు. ఒక్క రాత్రికే ప్రతివాడూ పడిపోతాడని కాదు. కానీ మా డెల్టా ఉక్కపోతలో పట్టిన చెమటే ఆరదు, కారి నేలపాలవుతుంది. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు. అసలు పట్టడమే తగ్గితే ఇంకేముంది?

అడిగేది పెద్ద ఖర్చేం కాదు. పరుగు తెల్లారగానే పెట్టి, కొలతలు, కాగితాలు ఎండ వేళకి ఉంచండి. దూరం నుంచి ముందురోజే వచ్చేవాళ్ల కోసం మైదానం పక్క స్కూల్లో నాలుగు గదులు తెరిచి ఫ్యాన్లు వేయించండి. చాపలు వాళ్లే తెచ్చుకుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
అమలాపురం