1974 కప్పు గుర్తుందా?

సంపాదకుడు గారికి,

మన జూనియర్ ఫుట్‌బాల్ జట్టు ఓడినప్పుడల్లా 'మనోళ్లకు ఈ ఆట రాదులే' అనేస్తాం. 1974లో బ్యాంకాక్‌లో ఆసియా యూత్ చాంపియన్‌షిప్ ఫైనల్లో ఇరాన్‌తో 2-2తో సమంగా నిలిచి కప్పు పంచుకున్నది మన కుర్రాళ్లే. కెప్టెన్ షబ్బీర్ అలీ హైదరాబాదీ. నల్లగొండలో బస్సెక్కితే పూట కూడా పట్టని దూరం! మా వీధి పిల్లలకు మెస్సీ జెర్సీ నంబరు తెలుసు కానీ ఈ పేరు తెలియదు.

2017లో అండర్-17 ప్రపంచకప్ మన దేశంలోనే జరిగింది. ఆతిథ్య జట్టుగా నేరుగా చోటు దొరికింది. అమెరికాతో 0-3, కొలంబియాతో 1-2, ఘనాతో 0-4. కొలంబియాపై 82వ నిమిషంలో జీక్సన్ సింగ్ తలతో గోల్ కొట్టగానే ఇంట్లో అందరం ఎగిరి గంతేశాం. మేం కూర్చునేలోపే వాళ్లు ఇంకోటి కొట్టేశారు.

మావాడి బడి మైదానంలో గోల్‌పోస్టు మీద బట్టలు ఆరేస్తున్నారు. అడిగితే 'క్రికెట్ ఆడుకోమనండి సార్' అన్నారు. జిల్లాలో అండర్-14 పిల్లలకు ఏటా ఒక లీగ్ పెట్టాలని, కనీసం మండలానికో కోచ్‌ను ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక తండ్రి, నల్లగొండ