తప్పు ఒప్పుకున్న ఉద్యోగికి చట్టంలో రక్షణ ఇవ్వండి: మంత్రి గారికి ఒక మాజీ సైనికుడి బహిరంగ లేఖ

సైబర్ భద్రత వ్యవహారాలు చూస్తున్న గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. సైన్యంలో పదకొండేళ్లు సిగ్నల్స్ విభాగంలో పనిచేసి, ఇప్పుడు సైబర్ భద్రతా విధానం మీద పీజీ చేస్తున్నాను. ఈ వయసులో ఈ చదువెందుకని క్లాసులో పిల్లలు అడుగుతుంటారు. ఒక రాత్రి డ్యూటీలో జరిగిన సంగతే నన్ను ఇటు తెచ్చింది.

నా కింద పనిచేసే కుర్రాడొకడు ఇంటి ఫొటోలు చూసుకుందామని తన పెన్‌డ్రైవ్ తెచ్చి డ్యూటీ కంప్యూటర్‌కు పెట్టాడు. స్క్రీన్ మీద నల్లటి విండో ఒకటి తళుక్కుమని మాయమైంది. భయపడి పెన్‌డ్రైవ్ పీకేసి జేబులో వేసుకున్నాడు. మూడు రోజులు నోరు విప్పలేదు. నాలుగో రోజు నా దగ్గరికొచ్చి పిడికిలి తెరిచినప్పుడు అతని చెయ్యి వణుకుతోంది. "సార్, నా ఉద్యోగం పోతుందా?" అన్నదే అతని మొదటి మాట. అప్పటికే వైరస్ ఇంకో ఐదు కంప్యూటర్లకు పాకింది.

అతనికి శిక్ష పడింది. శిక్ష వేయమని రిపోర్టు రాసింది నేనే. ఆ తర్వాత నేనున్నన్నాళ్లూ అలాంటి విషయం చెప్పడానికి ఒక్కరూ నా దగ్గరికి రాలేదు. తప్పులు ఆగిపోయి కాదు, నేను రాసిన రిపోర్టు అందరికీ తెలుసు కాబట్టి. ఆ బాధ ఇప్పటికీ నాలో ఉంది.

చదువులోకి వచ్చాక 2008 నాటి సంగతి తెలిసింది. మధ్యప్రాచ్యంలోని ఒక స్థావరంలో ల్యాప్‌టాప్‌కు పెట్టిన ఫ్లాష్ డ్రైవ్ ద్వారా అమెరికా సైన్యపు రహస్య నెట్‌వర్క్‌లలోకే వైరస్ చొరబడింది. అంతటి సైన్యానికే తప్పలేదు.

సైబర్ దాడి జరిగితే సంస్థలు ప్రభుత్వానికి చెప్పడానికి ఇప్పుడు చాలా దేశాలు గడువులు పెట్టాయి. పెద్ద దాడి జరిగితే 24 గంటల్లో తొలి హెచ్చరిక, 72 గంటల్లో వివరాలు ఇవ్వాలంటుంది యూరోపియన్ యూనియన్ సైబర్ భద్రతా చట్టమైన ఎన్‌ఐఎస్2 ఆదేశం. భారత్ 2022లో 6 గంటలే ఇచ్చింది. గడువులు మంచివే. కానీ ఆ గడియారం సంస్థకు విషయం తెలిసిన క్షణం నుంచే తిరుగుతుంది. తెలిసిన మనిషి భయంతో జేబులో దాచుకుంటే అది మొదలే కాదు. గంటలు ఎంత తగ్గించినా ఆ మూడు రోజులు మిగిలిపోతాయి.

విమానయానం దీనికి ఎప్పుడో దారి కనుక్కుంది. అమెరికాలో 1976 నుంచి పైలట్లు తమ పొరపాట్లను నాసా నడిపే వ్యవస్థకు రాసి పంపుతున్నారు. పేర్లు తీసేశాకే ఆ సమాచారాన్ని వాడతారు. కావాలని చేయని తప్పును 10 రోజుల్లోపు చెప్పుకుంటే, కొన్ని షరతులకు లోబడి జరిమానా ఉండదు.

మంత్రి గారూ, నా విన్నపం ఇదే. మీరు తెచ్చే సైబర్ నిబంధనల్లో ఒక క్లాజు చేర్చండి: తెలియక చేసిన తప్పును వెంటనే చెప్పిన ఉద్యోగిని ఆ కారణంతో తీసేయకూడదు, జీతం కోయకూడదు. కావాలని ద్రోహం చేసినవాళ్లకు ఇది వర్తించనక్కర్లేదు. ఆ క్లాజు రాసేటప్పుడు లాయర్లతో పాటు నైట్ షిఫ్టులో స్క్రీన్ల ముందు కూర్చునేవాళ్లను కూడా పిలిచి మాట్లాడండి. పిలిస్తే నేనూ వస్తాను. అప్పట్లో నేను రాసిన రిపోర్టులో ఏం రాశానో, ఏం రాసి ఉండాల్సిందో మీ ముందు చెబుతాను.

ఇట్లు,
సిగ్నల్స్ విభాగం మాజీ సైనికుడు, సైబర్ విధాన విద్యార్థి