క్యూఆర్ కోడ్ వెనుక ఏం పెట్టాలి?

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి జీవశాస్త్రం పరీక్ష దగ్గరపడితే పిల్లలు ఈమధ్య నోట్స్ అడగడం లేదు, లింకు అడుగుతున్నారు. "టీచర్, గుండె పాఠానికి మంచి వీడియో ఉంటే గ్రూపులో పెట్టండి" అంటారు. వెతికితే వందల్లో దొరుకుతాయి. ధైర్యంగా పెట్టగలిగినవి మాత్రం బహు తక్కువ.

లక్షల మంది చూసిన తెలుగు వీడియోల్లోనూ తప్పులుంటున్నాయి. మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయని ఒకాయన హాయిగా చెప్పేస్తాడు. శ్వాసక్రియ రాత్రీ పగలూ ఆగకుండా జరుగుతూనే ఉంటుంది. సిరల్లో రక్తం నీలంగా ఉంటుందని మరొకరు. పటంలో నీలం వేసేది గుర్తు కోసమే, రక్తం ఎక్కడైనా ఎరుపే. ఇక రావిచెట్టు రాత్రంతా ఆక్సిజన్ వదులుతుందన్న వాట్సాప్ కబురు సరేసరి! ఇవి రాసి మార్కులు పోగొట్టుకోవడం చిన్న సంగతి. ఒకసారి బొమ్మతో సహా మనసులో పడ్డ తప్పును తీయడం ఎంత కష్టమో క్లాసులో నిలబడేవాళ్లకు తెలుసు.

అందుకే పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చినప్పుడు సంతోషించాను. ఎక్కడెక్కడో వెతక్కుండా, ఎవరో సరిచూసిన పాఠం దగ్గరికే పిల్లవాడు నేరుగా వెళ్తాడు కదా అనుకున్నాను. కానీ కోడ్ వెనుక మరో టీచర్ బోర్డు ముందు నిలబడి పుస్తకంలో ఉన్నదే చదివితే లాభమేముంది? ఆ పని మేం రోజూ చేస్తూనే ఉన్నాం. వీడియో కావాల్సింది కంటికి ఆననివాటికి: గుండె కవాటాలు ఏ క్రమంలో తెరుచుకుని మూసుకుంటాయో, మూత్రపిండంలోని సన్నని వడపోత గొట్టమైన నెఫ్రాన్‌లో వడపోసిన నీళ్లలో చాలా భాగం మళ్లీ రక్తంలోకి ఎలా వెళ్తుందో సుద్దముక్కతో చూపించలేం.

వీటి కోసం కోట్లు పోసి కొత్తగా ఏదో తయారు చేయించనక్కర్లేదు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెరమీద పిల్లలే మార్చి చూసుకునే ప్రయోగాలు, ఉచితం. వాటిని తమ భాషలోకి మార్చుకునే వీలు కూడా వాళ్లే కల్పించారు. అందులో ప్రకృతివరణం (పరిసరాలకు తగిన జీవులే ఎక్కువగా మిగలడం) మీద ఒకటుంది. తెల్ల కుందేళ్ల మందలోకి గోధుమ రంగు ఉత్పరివర్తనాన్ని (జన్యువులో వచ్చే మార్పును) వదిలి, తోడేళ్లను దింపి, మంచునేలలో ఎవరు మిగులుతారో, మంచులేని నేలలో ఎవరు మిగులుతారో పిల్లలే మార్చి మార్చి చూసుకోవచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో జీవపరిణామం భాగాన్ని తీసేయడంపై 2023లో పెద్ద చర్చే జరిగింది. అలాంటప్పుడు ఈ కుందేళ్ల అవసరం ఇంకా ఎక్కువ. ఇంటర్ బైపీసీ పిల్లలకైతే రైస్ విశ్వవిద్యాలయం వాళ్ల ఓపెన్‌స్టాక్స్ జీవశాస్త్రం పుస్తకాలున్నాయి. మూలం చెప్పి ఎవరైనా అనువదించుకోవచ్చు.

మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక ప్రైవేటు కంపెనీ పాఠాలు వేసిన ట్యాబ్‌లు ఇచ్చారు. ఆ కంపెనీ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఒక కంపెనీని నమ్ముకుని పెట్టుకున్న పాఠం ఆ కంపెనీ ఉన్నన్నాళ్లే. అందరికీ వదిలేసిన పాఠాన్ని మనం తెలుగు చేసుకుంటే అది మన దగ్గరే ఉంటుంది.

అయితే అంతా తెరమీదే చూపించేయాలనడం కూడా నాకు నచ్చదు. జూలైలో వానలు పడగానే బడి పక్క గుంటలో కప్పగుడ్లు జిగురు ముద్దల్లా తేలుతుంటాయి. గాజు సీసాలో నాలుగు పెట్టుకుంటే టాడ్‌పోల్‌కు (తోకకప్పకు) మొదట వెనక కాళ్లే ఎందుకు కనిపిస్తాయని పిల్లలే అడుగుతారు. మళ్లీ దానికీ వీడియో ఎందుకు? రియో మొక్క ఆకు పొర ఒలిచి సూక్ష్మదర్శిని కింద పెట్టడానికి పట్టేది ఐదు నిమిషాలు. కప్పను కోయడమంటారా, దానికి మాత్రం తెరే మేలు. డిగ్రీ జువాలజీలో కూడా కోతలు ఆపమని యూజీసీ 2014లోనే చెప్పింది. ఫోన్ బయటికి తీసుకెళ్లినా ఉపయోగమే. సీక్ అనే ఉచిత యాప్‌కు పిల్లల పేరు, ఈమెయిల్ ఏదీ ఇవ్వక్కర్లేదు. జిల్లేడు ఆకు తింటున్న చారల గొంగళిపురుగును ఫొటో తీస్తే అది ఏ సీతాకోకచిలుక పిల్లో చెప్పే ప్రయత్నం చేస్తుంది. ఒక్కోసారి తప్పు చెబుతుంది కూడా. అప్పుడు పుస్తకం తీసి సరిచూసుకోవడం మంచి పాఠమే.

మా పిల్లల్లో చాలామందికి సొంత ఫోన్ లేదు. నాన్న పొలం నుంచో పని నుంచో వచ్చాక, డేటా మిగిలుంటే చూడాలి. కాబట్టి ఏది పెట్టినా చిన్న సైజులో, డౌన్‌లోడ్ చేసుకునేలా ఉండాలి. ఉన్నత పాఠశాలలకు ఇచ్చిన ఐఎఫ్‌పీ ప్యానెళ్లలో (గోడకు పెట్టే పెద్ద టచ్ తెరల్లో) ముందే ఎక్కించి ఇస్తే నెట్ లేని రోజు కూడా క్లాసు నడుస్తుంది. ప్రతి వీడియో కింద దాన్ని సరిచూసినవారి పేరు, తేదీ ఉండాలి. తప్పు కనిపిస్తే చెప్పడానికి చోటుండాలి. పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీలు ఈ ఒక్క పని కలిసి చేస్తే ఖర్చు సగమవుతుంది. గుండె అక్కడా ఇక్కడా నాలుగు గదులదే కదా.

దీనికి పిలిస్తే వేసవిలో వచ్చే బయాలజీ టీచర్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు, నేనూ వస్తాను. ట్రైనింగ్ పేరుతో మమ్మల్ని ఎలాగూ పిలుస్తూనే ఉన్నారు!

– ఒక బయాలజీ టీచర్, బాపట్ల జిల్లా