ఒక్క సంతకంతో పాట శాశ్వతంగా పోకూడదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆఫ్రికా పాటలు ప్రపంచమంతా మోగుతున్నాయని, నైజీరియా గాయకుల కచేరీలకు లండన్‌లో, న్యూయార్క్‌లో స్టేడియాలు నిండుతున్నాయని ఈమధ్య సినిమా పేజీల్లో తరచూ చదువుతున్నాం. సంతోషమే. కానీ ఆ పాటల డబ్బు ఎవరి చేతికి వెళుతోంది, హక్కులు ఎవరి పేరు మీద ఉన్నాయి అన్న సంగతి మాత్రం ఎక్కడా కనిపించదు. అందుకే ఈ ఉత్తరం.

లయన్ కింగ్ మన పిల్లలకు బాగా తెలుసు, 2019లో నాని గొంతుతో తెలుగులోనూ వచ్చింది. అందులో టిమోన్, పుంబా పాడే సింహం పాట రాగం ఎవరిదని అడిగితే చాలామంది డిస్నీ పేరే చెబుతారు. అది సాలమన్ లిండా అనే దక్షిణాఫ్రికా జులూ తెగ గాయకుడిది. నాటల్ ప్రాంతం పల్లె నుంచి పని వెతుక్కుంటూ జొహానెస్‌బర్గ్ వచ్చినవాడు, చదువు రాదు. 1939లో గాలో అనే రికార్డుల కంపెనీ స్టూడియోలో తన బృందంతో ‘ఎంబూబే’ అనే పాట పాడుతూ, మూడో టేక్‌లో అప్పటికప్పుడు గొంతెత్తి పాడిన వరసే ఇవాళ అందరి నోళ్లలో నానుతోంది. ఆ రికార్డు ఆఫ్రికాలో లక్షకు పైగా అమ్ముడుపోయింది. ఆ తరహా బృందగానానికే తర్వాత ఈ పాట పేరు స్థిరపడింది. హక్కులన్నీ రాసిచ్చినందుకు లిండాకు ముట్టింది పది షిల్లింగులు, అదే కంపెనీలో రికార్డులు ప్యాక్ చేసే కొలువు.

ఆ రికార్డు అమెరికా చేరింది. అక్కడి జానపద గాయకుడు పీట్ సీగర్ బృందం వీవర్స్ దాన్ని పాడింది, స్వరకర్త పేరు దగ్గర మాత్రం పాల్ కాంప్‌బెల్ అని పడింది. అలాంటి మనిషే లేడు, అది ఆ బృందం పెట్టుకున్న మారుపేరు! 1961లో టోకెన్స్ అనే బృందం ఇంగ్లిష్ మాటలు చేర్చి పాడితే అమెరికాలో నంబర్ వన్ అయింది. మరుసటి ఏడాది లిండా చనిపోయాడు, బ్యాంకులో పాతిక డాలర్లు కూడా లేవు, సమాధి మీద రాయి పెట్టించడానికి ఇంట్లోవాళ్లకు 18 ఏళ్లు పట్టింది. సీగర్ తర్వాత బాధపడ్డాడు, లిండాకు వెయ్యి డాలర్ల చెక్కు కూడా పంపాడు. ఆయన్ని తప్పుపట్టాలని నాకు లేదు, కానీ కళాకారుడి కష్టార్జితం ఇంకొకరి మంచితనం మీద ఆధారపడకూడదు.

‘ఆ రోజులు వేరు, అప్పట్లో ఈ హక్కుల గొడవ ఎవరికి తెలుసు’ అని కొందరంటారు. నేను ఒప్పుకోను. లిండా పోయాక ఆయన భార్య చేత, ఆ తర్వాత కూతుళ్ల చేత కూడా కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. హక్కు విలువ తెలియనివాళ్లయితే అన్నిసార్లు సంతకాల కోసం ఎందుకు వెళతారు?

2000లో రియాన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా రచయిత రోలింగ్ స్టోన్ పత్రికలో ఈ కథంతా బయటపెట్టాడు. లయన్ కింగ్‌లో వాడుకోవడం వల్లే ఈ పాట కోటిన్నర డాలర్లు సంపాదించి ఉంటుందని లెక్కగట్టాడు. 2004లో కుటుంబం కోర్టుకెక్కింది. వాళ్ల లాయర్ ఓవెన్ డీన్ పట్టుకున్నది 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టంలోని ఒక పాత నిబంధన. సృష్టికర్త బతికుండగా హక్కులు ఎవరికి అమ్ముకున్నా, ఆయన పోయిన 25 ఏళ్లకు అవి వారసులకు తిరిగి రావాలని అది చెబుతుంది. రచయితలు అవసరానికి కారుచౌకగా అమ్ముకుంటే కనీసం వాళ్ల పిల్లలు నష్టపోకూడదని పెట్టినది, దాన్ని ఇంగ్లిష్ నవలా రచయిత డికెన్స్ పేరుతో పిలిచేవారు. ఆ లెక్కన 1987 నుంచి పాట లిండా వారసులదే. కేసు దక్షిణాఫ్రికాలోనే నడవడానికి ప్రిటోరియా కోర్టు అక్కడ డిస్నీకున్న 200 పైగా ట్రేడ్‌మార్కులను, మిక్కీ మౌస్‌తో సహా, జప్తు (అటాచ్) చేసింది. 2006 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. 1987 నుంచి రావాల్సిన వాటా, ఇకముందు రాయల్టీ, సహ స్వరకర్తగా లిండా పేరు, అన్నీ ఒప్పుకున్నారు.

అదే, కామెరూన్ దేశపు సంగీతకారుడు మను దిబాంగో విషయంలో ఏం జరిగిందో చూడండి. ఆయన 1972 నాటి పాటలోని పల్లవిని మైకేల్ జాక్సన్ వాడుకుంటే నిలదీసి సెటిల్‌మెంట్ రాబట్టుకున్నాడు. ఆయన పారిస్‌లో ఉండేవాడు, పేరుండేది, లాయర్లుండేవారు. లిండాకు అవేవీ లేవు. అవేవీ లేనివాళ్లకే చట్టం ఎక్కువ అవసరం.

బాధేమిటంటే, లిండా ఇంటిని ఆదుకున్న ఆ నిబంధన కొత్త పాటలకు వర్తించదు, 1965లోనే దక్షిణాఫ్రికా దాన్ని వదిలేసింది. అక్కడి కాపీరైట్ సవరణ బిల్లులో మళ్లీ ఒక మంచి మాట చేర్చారు, పాట హక్కులు ఎవరికి రాసిచ్చినా అది 25 ఏళ్లకు మించి చెల్లదని. ఆ బిల్లు 2017 నుంచి నలుగుతోంది. 2019లో పార్లమెంటు ఆమోదిస్తే అధ్యక్షుడు వెనక్కి పంపారు, ఫిబ్రవరి 2024లో మళ్లీ ఆమోదిస్తే రాజ్యాంగ న్యాయస్థానానికి నివేదించారు. బిల్లులో మిగతా వాటి మీద, ముఖ్యంగా అనుమతి లేకుండా వాడుకునే మినహాయింపుల మీద, అక్కడి రచయితలకే బోలెడు అభ్యంతరాలున్నాయి, వాటిలో న్యాయమూ ఉండొచ్చు. కానీ ఏం మార్చినా ఈ 25 ఏళ్ల హద్దు మాత్రం తీసేయకూడదు. ఇది ఆ ఒక్క దేశానికే కాదు, ఇవాళ లాగోస్‌లో, నైరోబీలో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు మొదటి పాటకే కంపెనీలతో కాంట్రాక్టులు రాసుకుంటున్నారు, వాళ్లందరికీ ఇలాంటి రక్షణ కావాలి.

మనకూ ఇందులో సంబంధం ఉంది. అదే 1911 చట్టం 1914 నుంచి 1957 దాకా మన దేశంలోనూ నడిచింది. 2012 సవరణతో మన దగ్గర సినిమా పాట రాసినవారికి, స్వరపరిచినవారికి థియేటర్ బయట వాడకంపై సమాన రాయల్టీ హక్కు వచ్చింది, దాన్ని వారసులకో రాయల్టీ వసూలు చేసే సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడం కుదరదు. హక్కుల పత్రంలో గడువు రాయకపోతే అది ఐదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే ఇండియాకే అని కూడా మన చట్టంలో ఉంది. ఊళ్లలో సొంతంగా పాటలు కట్టి యూట్యూబ్ చానళ్లకు ఇస్తున్న మన గాయకుల్లో ఎంతమందికి ఇది తెలుసు?

కాబట్టి మీకు రెండు విన్నపాలు. మన సినిమాల్లో ఆఫ్రికా బాణీలు వినిపించినప్పుడు అసలు స్వరకర్త ఎవరు, అనుమతి తీసుకున్నారా, డబ్బిచ్చారా అని మీ విలేకరులు సంగీత దర్శకుణ్ని, నిర్మాతను అడగాలి, జవాబు అచ్చువేయాలి. రెండోది, హక్కులు రాసిచ్చేముందు కాగితంలో ఏమేం చూసుకోవాలో ఒక లాయర్ చేత తేలిక తెలుగులో రాయించి ఆదివారం అనుబంధంలో వేయండి.

మీ పాఠకుడు,
ఖమ్మం