నెట్ లేని ఇంట్లోనూ సాధన ఆగకూడదు

సంపాదకుల వారికి,

మైదానానికి వెళ్లలేని రోజుల్లో దివ్యాంగ క్రీడాకారులకు ఎక్కువగా వినిపించే మాట ‘వీడియో పంపుతాం, చూసి చేయండి’ అనే. ఇంట్లో నెట్ ఉందా అని అడిగేవాళ్లు తక్కువ.

మా తమ్ముడికి మేధోవైకల్యం ఉంది. పరుగు పందేల్లో పాల్గొంటాడు. వాడి కోచ్ గారు ఒక అట్ట మీద ఆరు బొమ్మలు గీసిచ్చారు: కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం, ఒంటికాలి మీద నిలబడటం, ఇలా. ఎన్నిసార్లు చేయాలో బొమ్మ కింద అన్ని చుక్కలు. అయిపోగానే పెన్సిల్‌తో టిక్కు పెట్టేది వాడే. ఆదివారం కోచ్ గారు మామూలు ఫోన్‌కే కాల్ చేసి ‘ఎన్ని టిక్కులు పడ్డాయిరా?’ అని అడుగుతారు. ఆ కాల్ కోసం వాడు పొద్దుటి నుంచీ ఎదురుచూస్తాడు.

ఒకే అట్ట అందరికీ పనికిరాదు. చక్రాలు తోసి తోసి వీల్‌చైర్ వాడేవాళ్ల భుజాలు దెబ్బతింటాయి. వాళ్లకు రబ్బరు బ్యాండును వెనక్కి లాగే కసరత్తులు కావాలి. వెన్నుపాము పైభాగంలో గాయమైనవాళ్లకు చెమట సరిగా పట్టదు, ఉక్కగా ఉన్న గదిలో చేయించడం ప్రమాదం. చూపులేనివారికైతే ఫోన్‌లో మాటలతోనే చెప్పాలి.

వైకల్యమున్న పెద్దలకూ వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. క్రీడా సంఘాలు పేరు నమోదు చేసుకునేటప్పుడే నెట్ సంగతి అడిగి, లేనివాళ్లకు అట్ట, బ్యాండు, వారానికో కాల్ ఏర్పాటు చేయాలి. మీ పత్రిక వారానికోసారి పావు పేజీలో ఇలాంటి బొమ్మలు వేస్తే కత్తిరించి గోడకు అతికించుకుంటాం.

– ఒక క్రీడాకారుడి అక్క