గీజర్ చోటు మార్చడం ఒక్క ప్లంబర్ పని కాదు

సంపాదకులకు నమస్కారం.

చలికాలం మొదలవగానే ఏ గీజర్ కొనాలి, ఎన్ని లీటర్లది సరిపోతుంది అని అన్ని పేపర్లూ రాస్తాయి, మీరూ రాస్తారు. కానీ ఇంట్లో ఉన్న గీజర్‌నే ఒక బాత్రూం నుంచి ఇంకో బాత్రూంకి మార్చుకునేవాళ్లు బోలెడుమంది. పిల్లలు హాస్టల్‌కి వెళ్లారనో, పెద్దవాళ్లు మెట్లెక్కలేక కింది గదిలోకి వచ్చారనో, టైల్స్ మారుస్తున్నామనో. ఆ పనికి మనం పిలిచేది ఒక్క ప్లంబర్‌నే, తంటా అంతా అక్కడే.

మా ఇంట్లో అమ్మ కోసం పైనున్న 25 లీటర్ల గీజర్‌ని కిందికి దించాం. వచ్చినతను పైపుల పని చకచకా చేశాడు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాత గీజర్ ప్లగ్ అక్కడి సాకెట్‌లో పట్టకపోయేసరికి, "ఇది కోసేసి చిన్న ప్లగ్ టాప్ పెట్టేద్దాం సార్, ఏం కాదు" అన్నాడు.

ఎందుకు కాదు? మామూలు గీజర్ 2000 వాట్లు, 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంప్స్ లాగుతుంది. ఆ చిన్న సాకెట్ 6 ఆంప్స్‌ది, ట్రిమ్మర్‌కో ఫోన్ ఛార్జర్‌కో పెట్టింది, వెనకున్న వైరు కూడా లైట్ల బోర్డు నుంచి లాగిన సన్నదే. మొదటి రోజే కాలిపోతే మనకే తెలిసేది, కానీ అలా కాదు, రోజూ కాస్త కాస్త వేడెక్కి పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ రంగు మారుతుంది, ఎప్పుడో ఒకరోజు కాలిన వాసనొస్తుంది. గీజర్‌కి 16 ఆంప్స్ పాయింటు కావాలి, మెయిన్ బోర్డు నుంచి విడిగా కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు (దూరమైతే 4), దానికంటూ ఒక ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తనే ఆగిపోయే స్విచ్) కావాలి. పాత ఇళ్లలో సాకెట్‌కి మూడు రంధ్రాలుంటాయి గానీ ఎర్తింగ్ రంధ్రం వెనక వైరే ఉండదు, తడి కాళ్లతో నిలబడే చోట ఇంతకన్నా ఘోరం ఏముంటుంది? 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టిస్తే మంచిదే, అయితే ఎర్తింగ్ ఎగ్గొట్టడానికి అది సాకు కాకూడదు.

అంతకన్నా నాకు టెన్షన్ పెట్టింది సేఫ్టీ వాల్వ్. చన్నీళ్లు గీజర్‌లోకి వెళ్లేచోట వేలెడంత ముక్క, పక్కన చిన్న రంధ్రం. నీళ్లు కాగుతుంటే అందులోంచి చుక్కలు పడుతున్నాయి. "లీకేజీ సార్, డమ్మీ కొట్టేస్తా" అన్నాడు, రంధ్రం మూసేసే ఆ డమ్మీ బిరడా చేతిలో రెడీ. అది లీకేజీ కాదు. వేడెక్కితే నీళ్లు వ్యాకోచిస్తాయి, 25 లీటర్లు 25 డిగ్రీల నుంచి 65కి వెళ్తే సుమారు 400 మిల్లీలీటర్లు పెరుగుతాయి, చాలా వాల్వుల్లో నీళ్లు వెనక్కి పోనివ్వని ఏర్పాటు ఉంటుంది కాబట్టి ఆ ఎక్కువైన నీళ్లకి ఆ రంధ్రమే దారి. దాన్ని మూసేశాక, నీళ్లు తగినంత వేడెక్కగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ కూడా మొరాయిస్తే ఇక ట్యాంకు బాంబే. ఒక సన్నటి ట్యూబు తగిలించి ఆ చుక్కల్ని కిందికి దించితే సరిపోయింది.

మిగతావి చిన్నవే. నీళ్లతో కలిపి 35 కిలోల బరువు ఉంటుంది, తేలిక ఇటుకల గోడైతే దానికి తగ్గ ఫాస్టెనర్లే (గోడలో బిగించే బోల్టులు) వాడాలి. చన్నీళ్లకి వేసే తెల్ల పీవీసీ పైపు వేడినీళ్లకి పనికిరాదు, వేడిని తట్టుకునే సీపీవీసీ పైపు వేయించాలి. గీజర్‌ని దూరంగా పెట్టారా, 10 మీటర్ల ముప్పావు అంగుళం పైపులో రెండు మూడు లీటర్ల చల్లారిన నీళ్లు పోయాకే వేడినీళ్లు వస్తాయి, పొద్దున్నే ఎంత చిరాకో చెప్పక్కర్లేదు. వేడినీళ్ల కుళాయిలో ధార వచ్చేదాకా స్విచ్ వేయొద్దు, ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ మాడిపోతుంది. గ్యాస్ గీజర్ సంగతి పూర్తిగా వేరు, దాన్ని బాత్రూంలోకి అసలు తేకూడదు, కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాదు.

మేం చివరికి లైసెన్స్ ఉన్న వైర్‌మన్‌ని పిలిపించి కొత్త లైను లాగించాం. ప్లంబర్ కాస్త ముఖం ముడుచుకున్నాడు గానీ ఆ డమ్మీ మాత్రం మేం పెట్టనివ్వలేదు. ఇల్లు కట్టేటప్పుడే ప్రతి బాత్రూంలోనూ 16 ఆంప్స్ పాయింటు, వేడినీళ్ల పైపు వదిలిపెట్టమని బిల్డర్లకి మీరైనా గట్టిగా రాయండి. ఈ చలికాలం గీజర్ల ధరల పట్టిక పక్కనే, ఆ వాల్వ్ రంధ్రం దేనికో చూపిస్తూ ఒక బొమ్మ కూడా వేయండి.

ఒక పాఠకుడు, హనుమకొండ