సీసా మీద ఒక మాట, చేతిలో సూది

డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ గారికి,

నమస్కారం. జుట్టు రాలుతోందని మా చెల్లెలు గత నెల హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కు వెళితే నేనూ తోడు వెళ్లాను. ‘ఎక్సోజోమ్ చికిత్స, నాలుగు విడతలు’ అన్నారు. సూది సిద్ధం చేస్తుండగా బల్ల మీదున్న బొటనవేలంత సీసా తీసి చూశాను. సగం కొరియన్ రాత. అడుగున చీమ తలకాయంత ఇంగ్లిషు అక్షరాల్లో ‘పైపూతకు మాత్రమే’ అని ఉంది. అడిగితే ‘అందరూ ఇలాగే చేస్తారండీ’ అన్నారు. లేచి వచ్చేశాం. ఫీజు మాత్రం తిరిగి రాలేదు.

ఎక్సోజోముల మీద నాకు కోపమేమీ లేదు. కణాలు బయటికి వదిలే ఈ పొట్లాలు దాదాపు 30 నుంచి 150 నానోమీటర్లు ఉంటాయి. 1980లలో గొర్రెల్లో ఇంకా ఎదుగుతున్న ఎర్ర రక్తకణాల్లో వీటిని గమనించినప్పుడు, కణం చెత్త పారబోసుకుంటోందని అనుకున్నారు. ఆ చెత్తలోనే దాన్ని వదిలిన కణం ఆనవాళ్లున్నాయి: ప్రొటీన్లు, జన్యు సందేశాలు మోసే ఆర్‌ఎన్‌ఏ. అందుకే ప్రొస్టేట్ బయాప్సీ (గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) అవసరమో కాదో తేల్చుకోవడానికి తోడ్పడే మూత్రపరీక్ష అమెరికాలో వచ్చింది.

ఒంట్లోకి ఎక్కించడం వేరే సంగతి. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో ఎక్సోజోముల పేరుతో అమ్మిన ఉత్పత్తులు వాడిన రోగులకు తీవ్రమైన ఇబ్బందులు తలెత్తాక, ఆమోదం పొందిన ఎక్సోజోమ్ ఉత్పత్తి ఒక్కటీ లేదని 2019 డిసెంబరులో ఆ దేశపు మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

మన దేశంలో సూదితో ఇవ్వడానికి మీరు అనుమతించినది ఏదైనా ఉందా? ఉంటే పేరు ప్రకటించండి, లేకుంటే లేదని తెలుగులోనూ చెప్పండి. క్లినిక్‌లలో సీసాలు తనిఖీ చేయమని రాష్ట్రాలకు రాయండి. మా చెల్లెలి ఫోనుకు ఇంకా రాయితీ సందేశాలు వస్తూనే ఉన్నాయి.

ఇట్లు,
ఒక అక్క